మాస్టారి ఇంటికెళ్ళిన గిన్నె

జూలై 8, మంగళవారం

మా మనవరాలు క్రిస్టీనా ఈ డైరీ ఇచ్చింది. ఎవరో ఎల్ఐసీ ఏజెంటు వాళ్ళ నాన్నకిస్తే జనవరి నుంచీ గల్లాపెట్టి కింద పడుందంట. "మామ్మా, నీ దిగుళ్ళన్నీ ఇందులో రాసుకో, మా చెవులకి సెలవు" అంది. వేళాకోళమే గానీ మాట నిజమే. నేనేం చెప్పినా మావాడు ప్రకాశం "మళ్ళీ మొదలెట్టేవా అమ్మా" అంటాడు. కోడలు లీలావతి ఏమీ అనదు, మిక్సీ వేస్తుంది.

నాది నాలుగో తరగతి చదువు. అక్షరాలు కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి అవుతున్నాయి. ఎవరు చూస్తారు గనక.

సత్యం మాస్టారు టిఫినుకి రావట్లేదు. జ్వరమంట. మేం రాజోల్లో ఈ హోటలు పెట్టిన దగ్గర్నుంచీ వానొచ్చినా, గోదారొచ్చినా ఆ మూల బల్ల దగ్గర కూచుని నాలుగు పొట్టిక్కలు తిని, పచ్చడి రెండోసారి వేయించుకుని గానీ లేవని మనిషి. "మీ పనసాకు బుట్టల వాసన రాకపోతే నాకు తెల్లారదండి అప్పాయమ్మగారూ" అంటారు. మా దగ్గర టిఫిను తినే హాస్టలు కుర్రాళ్ళిద్దరికీ జ్వరమేనంట. వానాకాలం, జ్వరాలు రాకుండా ఉంటాయా. అయినా దిగులుగానే ఉంది. పెరట్లో బోరు దగ్గర నీళ్ళు నిలబడుతున్నాయి. అవి చూసినా దిగులే. గ్యాసు పైపు చూసినా దిగులే.

మాస్టారికి నోరు చేదుగా ఉంటుందని స్టీలు గిన్నె నిండా కొబ్బరి పచ్చడి పంపేను. కారం తగ్గించి, ఉప్పు చూసి, చెయ్యి పెట్టి మరో నాలుగుసార్లు ఎక్కువ పిసికి పంపేను. అలా పిసికితేనే పాలు దిగి పచ్చడి మెత్తబడుతుంది. గ్రైండరు ఆ పని చెయ్యదు. పొట్టిక్కలు ఎవరైనా చేస్తారు, పనసాకులు పుల్లలతో బుట్టలు కుట్టి పిండి పోసి ఆవిరి పెట్టడమే. పచ్చడి మాత్రం నాది. 

అది మూత గట్టిగా పట్టే గిన్నె. మా ఆయన కొన్నది. తిరిగొస్తుందో రాదో.

జూలై 9

మాస్టారి ఆవిడ సత్యనారాయణమ్మగారు ఫోను చేసేరు. "ఆయన రెండు చెంచాలు నాకేరండి, అంతే. మిగతాది నేను తినేసేను. బయటి తిండి ముట్టుకోనని మీకు తెలుసు కదండీ. నిన్న మాత్రం ముద్ద ముద్దకీ అదే" అన్నారు. సంతోషమేసింది. గిన్నె సంగతి ఎలా అడగనా అనుకుంటుంటే ఆవిడే అన్నారు. "ఖాళీ గిన్నె పంపకూడదు కదండీ. మా జామచెట్టు కాయలు కాస్త రంగు తిరగనివ్వండి, వేసి పంపిస్తాను."

మాస్టారిది టైఫాయిడని తేల్చేరంట.

జూలై 11, శుక్రవారం



పొద్దుటి రద్దీ తగ్గేక ఒకావిడ వచ్చేరు. చిన్నపిల్లే, మెడలో కార్డు. వెనకాల ఒకతను ఐసు పెట్టె పట్టుకుని. నేను ఆకు వెయ్యబోయేను. "టిఫినుకి కాదండి. ఫుడ్ సేఫ్టీ నుంచి వచ్చేం" అన్నారావిడ.

ప్రకాశం గోడ మీది రిజిస్ట్రేషన్ కాయితం చూపించేడు. ఏసుప్రభువు క్యాలెండరు పక్కనే ఫ్రేము కట్టించి పెట్టేం. ఆవిడ దగ్గరికెళ్ళి చదివి "ఇది మార్చితో అయిపోయిందండి" అన్నారు. "రెన్యూవలుకి నెట్ సెంటర్లో ఇచ్చేనండి, ఆయ్" అన్నాడు మావాడు. ఫ్రేముకి దండ వేసేం గానీ తారీకు ఎవరం చూడలేదు.

ఫ్రిజ్ తీసేరు. చెత్తబుట్టకి మూతేదన్నారు. వెనక కాలవ చూసేరు. పనసాకులు ఏ నీళ్ళతో కడుగుతారని అడిగేరు. తరవాత పచ్చడి గిన్నె మూత ఎత్తేరు.

"ఇదెవరు చేస్తారండీ?"

"నేనేనండి. నలభై ఏళ్ళనుంచీ నేనే" అన్నాను. ఆ భయంలోనూ కాస్త గర్వమొచ్చిందనుకుంటాను.

"చేత్తోనే కలుపుతారా?"

"చేత్తో కాకపోతే మరెలా కలుపుతారండీ?"

ఐసు పెట్టె అతను నవ్వేడు. ఆవిడ నవ్వలేదు. "గ్లౌజులు వేసుకోరా?"

"వేసుకుంటే ఉప్పు తెలీదండి."

అప్పుడు మెడికల్ సర్టిఫికెట్లు అడిగేరు. ఎవరివండీ అన్నాడు ప్రకాశం. ఇక్కడ తిండి ముట్టుకునే ప్రతి మనిషివీ అన్నారు. "మాకందరికీ ఆరోగ్యం బానే ఉందండి" అన్నాడు వీడు. "బాగున్నట్టు కాయితం ఉండాలండి" అన్నారావిడ. ఏమాటకామాటే, గొంతు పెంచలేదు.

వాళ్ళు తెచ్చుకున్న చెంచాతో పచ్చడి తీసి సీసాలో పెట్టి, సీలు వేసి, ప్రకాశం చేత సంతకం పెట్టించి, ఐసులో పెట్టేసేరు. హాస్టలు కుర్రాడి తండ్రి కంప్లైంటు పెట్టేడంట. అన్నీ సరిచెయ్యమని నోటీసు ఇచ్చేరు. వెళ్తూ వెళ్తూ నాతో అన్నారు, "అమ్మా, ఆవిరిలో ఉడికేదంటే నాకంత భయం లేదు. పచ్చిగా చేత్తో కలిపేదే భయం."

ఆవిడకి వంట రాదేమో. చిన్నపిల్ల.

జూలై 12

నీళ్ళే. బోరు నీళ్ళలోనే ఉంది ఏదో. లేకపోతే మాస్టారు ఎక్కడైనా పెళ్ళిలో తిని ఉంటారు.

జూలై 14, సోమవారం

నాకిప్పుడు తెలిసింది. రాత్రంతా ఆలోచిస్తే తెలిసింది.

మా గిన్నెలు తోమే సత్యదుర్గ కూతురికి జూన్లో జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమే. ఆ పిల్ల పొద్దున్నే తల్లితో వచ్చి మా పెరట్లోనే ఆడుకునేది. నేనే పొట్టిక్క ముక్క పచ్చడిలో అద్ది నోట్లో పెట్టేదాన్ని, నోరు తెరుచుకుని నా వెనకాలే తిరిగేది. ఆ పిల్ల జ్వరం దుర్గ చేతులకి అంటి, గిన్నెలకి అంటి, మాస్టారి దాకా వెళ్ళింది. ఇంకెలా వస్తుంది?

ప్రకాశంతో అన్నాను. సరే నీ ఇష్టం అన్నాడు. నేనే చెప్పేను దానికి.

"దుర్గా, కొన్నాళ్ళు పనిలోకి రాకే."

"ఎందుకండీ మామ్మగారూ?"

"మీ పిల్లకి జ్వరమొచ్చింది కదా."

"పోయిన నెలండి అది. తగ్గిపోయిందండి, గెంతుతోంది."

"నీ చేతుల్లో ఉందేమోనే."

అది చేతులు రెండూ నా మొహం ముందు పెట్టింది. "సబ్బునీళ్ళల్లో నాని నాని తోలు లేచిపోతోంది చూడండి. ఈ చేతుల మీద ఇంకేం బతుకుద్దండీ?"

చీరకొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. కాస్త బాధేసింది. కానీ జాగ్రత్త మంచిది కదా.

జూలై 15

పాస్టరమ్మగారితో దుర్గ సంగతి అన్నాను. ఆవిడింట్లోనూ అదే తోముతుంది. జాగ్రత్త కోసమే చెప్పేను.

జూలై 17, గురువారం

ప్రకాశానికి అమలాపురంలో ఎవరో దొరికేడు. మనిషిని చూడకుండానే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇప్పిస్తాడంట, పేరూ వయసూ చెబితే చాలంట. అందరికీ అదే తెచ్చేస్తానన్నాడు.

నేను వద్దన్నాను. నిజం పరీక్షే చేయించాలన్నాను. ఉత్తుత్తి కాయితం తెస్తే రేపు ఆవిడ పట్టుకుంటే? జైల్లో వేస్తే? క్రిస్టీనాకి సంబంధాలు ఎవరు చెబుతారు? అన్నం తిననని కూచున్నాను. "నీ దిగులు మండిపోనూ, పదండి అందరం" అన్నాడు చివరికి.

దుర్గని కూడా తీసుకెళ్ళాలన్నాను. అందరి ముందూ తేలిపోతుంది. కబురు పెడితే అదీ వస్తానంది. "నా కాయితం వచ్చేక మాట్లాడండి మామ్మగారూ" అందంట.

జూలై 19, శనివారం

అమలాపురం వెళ్ళొచ్చేం. రక్తం తీసేరు. డబ్బాలిచ్చి ఏం చెయ్యమన్నారో ఇక్కడ రాయను. లీలావతీ దుర్గా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వేరు. దుర్గ ఆటోలో నా పక్కన కాకుండా డ్రైవరు పక్కన కూచుంది.

డాక్టరుగారు అందర్నీ తొందరగా పంపేసి నన్ను మాత్రం కూచోబెట్టేరు.

"టైఫాయిడ్ ఎప్పుడైనా వచ్చిందా అమ్మా?"

"తొంభయ్యారు తుఫాను ఏడు వచ్చిందండి. నెల్లాళ్ళు మంచం దిగలేదు. జుట్టంతా ఊడిపోయింది. మళ్ళీ మొలిచిందిలెండి, ఇదుగో."

"కడుపులో రాళ్ళున్నాయని ఎవరైనా అన్నారా?"

"పిత్తాశయంలో ఉన్నాయన్నారండి. కోస్తామంటే చెప్పులు కూడా వేసుకోకుండా పారిపోయొచ్చేను."

ఆయన నవ్వుతారనుకున్నాను. ఏదో రాసుకున్నారు. ఈమధ్య ఎవరూ నవ్వట్లేదు.

జూలై 24

కాయితాలు వచ్చేయి. ప్రకాశంది బాగుంది. లీలావతిది బాగుంది. దుర్గది బాగుంది.

నాది మళ్ళీ చెయ్యాలంట. డబ్బాలు మారి ఉంటాయి. దుర్గదీ నాదీ పక్కపక్కన పెట్టిందా నర్సమ్మ.

జూలై 25

డబ్బాలు మారే ఉంటాయి.

జూలై 26

మాస్టారు లేచి తిరుగుతున్నారంట, దేవుడి దయ. ఇప్పుడు వాళ్ళావిడకి జ్వరమంట. ఇంట్లో ఒకళ్ళకొస్తే ఇంకొకళ్ళకి రాదా. మంచం పక్కనే కూచుని సేవ చేసింది కదా ఆవిడ.

గిన్నె ఇంకా రాలేదు.

జూలై 28, సోమవారం

రెండోసారీ అదే వచ్చింది. ఈసారి నేనొక్కదాన్నే, డబ్బా ఒక్కటే.

డాక్టరుగారు మెల్లిగా చెప్పేరు. "మీకేం జబ్బు లేదమ్మా. మీలో క్రిమి ఉంది. ఆ పాత జ్వరం తగ్గింది గానీ క్రిమి పోలేదు. ఆ రాళ్ళ మధ్యన కాపురం పెట్టింది."

"ఇన్నేళ్ళా అండీ?"

"ఇన్నేళ్ళూ. మిమ్మల్నేం చెయ్యదు. దొడ్డికెళ్ళినప్పుడు మీ చేతికి, చేతినుంచి తిండిలోకి వెళ్తుంది."

"నేను సబ్బుతో కడుక్కుంటానండి. రెండుసార్లు కడుక్కుంటాను. మా ఇంట్లో అందరూ నన్ను తిడతారండి అన్నిసార్లు కడుగుతానని. అడగండి."

"కడుక్కుంటారమ్మా. గోరు సందున మిగిలింది చాలు."

ప్రకాశం నేల చూసేడు. లీలావతి నా చెయ్యి చూసింది. కుర్చీలోంచి లేవడానికి దాని భుజం పట్టుకున్నానప్పుడు. తీసేసేను.

నెల్లాళ్ళు మాత్రలు. తరవాత మళ్ళీ పరీక్షలు. అన్నీ బాగున్నాయనేదాకా తిండి ముట్టుకోకూడదు. తినొచ్చు, ఇంకొకళ్ళకి పెట్టకూడదు.

జూలై 29

మా ఆయన వీర్రాజుగారు తుఫాను తరవాతి ఏడు వానల్లో పోయేరు. విషజ్వరమన్నారు. ఆసుపత్రికి కూడా నేను పచ్చడి పట్టుకెళ్ళేదాన్ని. అది తప్ప ఏదీ సయించేది కాదాయనకి.

ఇంక రాయను ఈవేళ.

జూలై 31

అరుగు మీద కూచున్నాను పొద్దుటినుంచీ. పనసాకులు కుట్టుకుంటానన్నాను, ఎలాగూ ఆవిరిలో ఉడుకుతాయి, డాక్టరుగారు కూడా పర్లేదన్నారు. "వద్దులెండి అత్తయ్యగారూ" అంది లీలావతి. విసుక్కోలేదు, మామూలుగానే అంది. నా కంచం, నా గ్లాసు గట్టు మీద విడిగా పెట్టింది. వాటి మీద చిన్న ప్లాస్టిక్ బుట్ట బోర్లించింది.

పచ్చడి ఇప్పుడు లీలావతే చేస్తోంది, పొడుగు గరిటెతో. లోపలినుంచి ఒకాయన అరిచేరు, "ఏంటండీ ఇది, పచ్చడి మారిపోయిందేంటి?" అని. "గ్రైండరు మార్చేమండి" అన్నాడు ప్రకాశం.

క్రిస్టీనా కాలేజీకి వెళ్తూ రోజూలాగే నోరు తెరుచుకుని వచ్చింది, ముద్ద పెట్టమని. వచ్చి, ఆగిపోయి, "లేటయిపోయింది మామ్మా" అని వెళ్ళిపోయింది. లేటవలేదు. బస్సు ఇంకా రాలేదు.

ఆగస్టు 3, ఆదివారం

గుడికి వెళ్ళేను. వెనక కూచున్నాను. వచ్చే నెల ప్రేమవిందుకి పచ్చడి మీరే చెయ్యాలని సంఘంలో వాళ్ళు అడిగితే నడుం నెప్పన్నాను. గుళ్ళో అబద్ధం.

పాస్టరమ్మగారు నా చెవిలో చెప్పేరు, "మంచిపని చేసేరు అప్పాయమ్మగారూ, మేమూ దుర్గని మాన్పించేసేం. పక్క వీధిలో వాళ్ళూ మాన్పించేరు."

ఇంటికొచ్చి ప్రకాశంతో అన్నాను, దుర్గ కాదని చెప్పొద్దురా అని.

"ఎవరని చెబుతావమ్మా మరి?" అన్నాడు.

వాడే మళ్ళీ అన్నాడు.

"మనం ఎవరి పేరూ అనలేదు. వాళ్ళే అనుకుంటున్నారు. అనుకోనీ. నీ సంగతి బయటికొస్తే ఈ రోడ్డున మన పొయ్యి మళ్ళీ వెలగదు. క్రిస్టీనా ఫీజు కట్టేది ఈ పొయ్యి."

మనం అనలేదంటాడు. నేను అన్నాను. జూలై పదిహేను దగ్గర రాసి ఉంది.

ఆగస్టు 7

దుర్గ వచ్చింది. కాయితం మడత పెట్టి జాకెట్టులో పెట్టుకొచ్చింది.

"మామ్మగారూ, నా కాయితం బాగుందని మీకు తెలుసు కదండీ. ఒక్కసారి పాస్టరమ్మగారితో చెప్పండి. నేను చూపిస్తే ఎవరూ చదవట్లేదండి. దూరంగా నిలబడి ఆయ్, ఆయ్ అంటున్నారు, మళ్ళీ పిలవట్లేదు."

"చెబుతాలే" అన్నాను.

"మీదేం వచ్చిందండీ?"

లీలావతి లోపల మిక్సీ వేసింది. అందులో ఏమీ లేదు, ఉత్త మిక్సీ తిరిగిన చప్పుడు నాకు తెలుసు. దుర్గ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

సత్యనారాయణమ్మగార్ని కాకినాడ తీసుకెళ్ళేరంట.

ఆగస్టు 12, మంగళవారం

ఫుడ్ సేఫ్టీ ఆవిడ మళ్ళీ వచ్చేరు. సీసాలో పట్టుకెళ్ళిన పచ్చడి కాయితం వచ్చింది. అందులో ఉండకూడనిది ఉందంట. మనిషి మలంలోంచి వచ్చేదంట. నేను ఆ పచ్చడి ప్రార్థన చేసుకుని కలిపేదాన్ని.

హోటలు మూసెయ్యమన్నారు. అంతా కడిగించి, సున్నం వేయించి, తను మళ్ళీ వచ్చి చూసేకే తెరవాలన్నారు. అందరి సర్టిఫికెట్లూ చూసేరు. ప్రకాశంది, లీలావతిది. నా వైపు చూసేరు.

"పచ్చడి మీరు కలుపుతానన్నారు కదమ్మా ఆ రోజు?"

నేను నోరు తెరిచేను. ప్రకాశం అందుకున్నాడు. "అమ్మ ఉప్పు చూస్తుందండి, అంతే. పెద్దావిడ కదండీ, అన్నీ నేనే చేసేనంటుంది. కలిపేది సత్యదుర్గని పనిమనిషండి. జ్వరాలొచ్చినప్పుడే తీసేసేం. అమ్మ ఇప్పుడు వంటింట్లోకి కూడా రాదండి."

"అంతేనా అమ్మా?"

"ఆయ్" అన్నాను.

ఆవిడ దుర్గ పేరు రాసుకున్నారు. ఇంటిపేరు అడిగేరు. అదీ చెప్పేం.

వాళ్ళు వెళ్ళేక ప్రకాశం గోడకి ఆనుకుని కూచుండిపోయేడు. "బతికిపోయేం అమ్మా" అన్నాడు. వాడి చొక్కా తడిసిపోయింది. చిన్నప్పుడు జ్వరం వదిలినప్పుడు అలాగే తడిసేది. తల నిమరబోయి ఆగిపోయేను.

ఆగస్టు 13

ఎవరేమన్నా ఆయ్ అంటాం ఇక్కడ. అది అలవాటు. అవునని కాదు.

ఆగస్టు 17, ఆదివారం

సత్యనారాయణమ్మగారు పోయేరు. పేగుకి చిల్లు పడిందంట. కాకినాడ నుంచి తెచ్చేరు.

వెళ్ళేను. గేటు దాటి లోపలికెళ్ళలేదు. జామచెట్టు కింద నిలబడ్డాను. పచ్చి కాయలు చాలా ఉన్నాయి. ఎవరో కుర్చీ వేసేరు, కూచోలేదు. ఎవరో నీళ్ళిచ్చేరు, పుచ్చుకోలేదు. ఆ ఇంట్లో గ్లాసు ముట్టుకోవడానికి భయమేసింది. మాస్టారు లోపలినుంచి నన్ను చూసి చేతులు జోడించేరు.

నేను పంపకపోయినా ఆవిడకి వచ్చేదేమో. ఆయనకి చేసింది కదా. ఆయనకి చెయ్యడం వల్లే వచ్చింది. డాక్టర్ని అడిగితే చెబుతారు.

అడగను.

ఆగస్టు 28

హోటలు తెరిచి మూడో రోజు. సున్నం వాసన, చెత్తబుట్టలకి మూతలు, వంటింట్లో తెల్ల టోపీలు. గోడ మీద కొత్త కాయితం. ఫుడ్ సేఫ్టీ ఆవిడ చూసి బాగుందన్నారు. ఆవిడ మంచిదే, ఆ రోజు నేనిక్కడ రాసింది తప్పు. వంట వచ్చేమో కూడా.

జనం వస్తున్నారు. "దాన్ని తీసేసేరు కదా, ఇంక భయం లేదు" అని ఆటోవాళ్ళు బల్ల దగ్గర అనుకోడం అరుగు మీదికి వినపడింది. లీలావతికీ వినపడే ఉంటుంది. దాని గరిటె చప్పుడు కాసేపు ఆగింది.

నా మాత్రలు అయిపోవస్తున్నాయి. పరీక్ష చేసేరు. పోలేదంట. ఆ రాళ్ళున్న తిత్తే తీసెయ్యాలంట. గుండె పరీక్ష చేసి, మత్తిచ్చేంత బలం లేదు ఈ గుండెకి, వద్దులెండి అన్నారు.

అంటే ఇంక ఇంతే.

సెప్టెంబరు 2

అరచెయ్యి మీద గీతలు లెక్కపెట్టుకుంటున్నాను. పచ్చిమిరపకాయల మంట పోయింది. నలభై ఏళ్ళనుంచీ ఉన్న మంట.

సెప్టెంబరు 4, గురువారం

మధ్యాన్నం హోటలు కట్టేసి అందరూ పడుకున్నారు. అరుగు మీద నేనొక్కదాన్నే. మాస్టారు వచ్చేరు. సగమైపోయేరు, పంచె నడుం మీద నిలబడట్లేదు. చేతిలో గుడ్డసంచీ.

కూచుని, సంచీలోంచి గిన్నె తీసి మా మధ్యన పెట్టేరు. మా గిన్నె. తళతళ్ళాడుతోంది.

"ఖాళీగా ఇవ్వకూడదని కాయలు తిరిగేదాకా ఆపిందండి ఆవిడ. ఇప్పుడు తిరిగేయి" అన్నారు.

మూత తీసి చూపించేరు. జామకాయలు, పసుపుపచ్చగా, ఆకులతో సహా.

మళ్ళీ ఆయనే మాట్లాడేరు. "ఆ దుర్గనట కదండీ. అయిదో క్లాసులో నా దగ్గరే చదివిందండి అది. పలక తుడవడానికి అందరికీ నీళ్ళు తెచ్చిపెట్టేది. దాని చేతుల్లో ఇంత ఉందని ఎవరనుకుంటారు? ఫుడ్ సేఫ్టీ ఆఫీసులో దాని పేరు రాసుకున్నారంట. కేసు పెట్టమని నేనూ అర్జీ రాసేను. రేపు వెళ్ళి ఇచ్చొస్తాను. మా ఆవిడకి అదొక్కటైనా చెయ్యాలి కదండీ నేను."

జేబులోంచి కాయితం కొంచెం బయటికి కనపడుతోంది. మాస్టారి అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి.

నా కళ్ళలో ప్రకాశం మెదిలేడు, ఆ రోజు గోడకి ఆనుకున్నట్టే. క్రిస్టీనా కనపడింది. ప్రభువా, ఈయన తొందరగా లేచి వెళ్ళిపోతే బావుణ్ణు అనుకున్నాను. ఆయన లేవలేదు. "పొద్దున్న వస్తానండి రేపట్నుంచీ. ఒక్కణ్ణీ వండుకోలేకపోతున్నాను. పచ్చడి మీ చేత్తో కొంచెం వెయ్యండి, మునపట్లా" అన్నారు.

"దుర్గ కాదండి మాస్టారూ" అన్నాను.

"మరి?"

"ఈ చెయ్యేనండి."

చెయ్యి చాపి చూపించేను. ఆయన చూసేరు. డాక్టరు చెప్పిందంతా చెప్పేను, తుఫాను ఏడు జ్వరం, రాళ్ళు, గోళ్ళు, అన్నీ. వెనకనించి ముందుకీ, ముందునించి వెనక్కీ చెప్పేనేమో. ఫుడ్ సేఫ్టీ ఆవిడ అడిగినప్పుడు ఆయ్ అన్నానని కూడా చెప్పేను.

రోడ్డు మీద కొబ్బరికాయల లారీ ఒకటి వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా ఆయన అటే చూసేరు.

"ఆవిడ బయట తినేది కాదండి" అన్నారు.

"నేను పంపేనండి."

"నాకు పంపేరు."

"మీకే పంపేనండి."

ఆయన తిడతారనుకున్నాను. తిడితే బావుణ్ణనుకున్నాను. నా మొహంలోకి చూసి, పిల్లాడు లెక్క అడిగినట్టు అడిగేరు.

"మరి నాకెందుకు తగ్గిందండీ?"

నాకు తెలీదు. తెలీదన్నాను. ఆయన సంచీ మడత పెట్టుకుని జేబులో కాయితం పక్కన పెట్టుకుని లేచి వెళ్ళిపోయేరు.

సెప్టెంబరు 5

పొద్దున్న ఎవరూ రాలేదు. ఆటోవాళ్ళు కూడా అవతలి హోటలు దగ్గర ఆపుకున్నారు. ఆకు బుట్టల్లో పొట్టిక్కలు అలాగే చల్లారిపోయేయి. లీలావతి టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

ప్రకాశం అరుగు మీదికి వచ్చేడు. "చెప్పేసేవా?"

"ఆయ్" అన్నాను.

వాడు లోపలికెళ్ళి గ్యాసు కట్టేసేడు.

నేను నడుచుకుంటూ దుర్గ ఇంటికెళ్ళేను. తాళం వేసి ఉంది. పక్కింటావిడ చెప్పింది, అంతర్వేదిలో వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయిందంట పిల్లనేసుకుని, చేపలు ఎండేసే పనికి. ఎప్పుడొస్తుందంటే రాదంది, సామాను కూడా పట్టుకెళ్ళిపోయిందంది. "దుర్గ కాదమ్మా, నేనే" అని చెప్పేను ఆవిడతో. "ఇప్పుడెందుకండీ మామ్మగారూ" అని తలుపేసుకుంది.

గిన్నె అరుగు మీదే ఉంది. మూత తీసే ఉంది. వాకిలంతా జామకాయల వాసన. అందరూ దాన్ని దాటుకుని నడుస్తున్నారు. ఎవరూ తియ్యట్లేదు, నేను తియ్యకూడదు.